గాలి ఎటు పోతోంది? పెయింట్‌బాల్ మార్కర్లపై మీ ప్రశ్నలు

పోయిన సంచికలో వారాంతపు ఆటల గురించి రాస్తూ, గాలి గన్‌లతో రంగు బాల్స్ కొట్టుకునే పెయింట్‌బాల్‌ని రెండు ముక్కల్లో ప్రస్తావించామో లేదో, ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఆట గురించి అడిగినవాళ్లు తక్కువ, గన్‌లోంచి (ఆడేవాళ్లు దాన్నే మార్కర్ అంటారు) గాలి పోతోందని మొత్తుకున్నవాళ్లే ఎక్కువ. ట్యాంకు నిండా నింపుకుని వెళ్తాం, సగం ఆటకే ఖాళీ, ఎవరిని అడిగినా ఒక్కొక్కరు ఒక్కో పార్ట్ కొనమంటారు, ఇదీ అందరి గోల. అందుకే ఈసారి శీర్షికని పూర్తిగా గాలికి వదిలేస్తున్నాం, మరోలా అనుకోకండి.

జవాబుల్లోకి వెళ్లేముందు ఒక్కటే రూలు. ట్యాంకు బిగించి ఉన్న మార్కర్‌ని ఇంట్లో టేబుల్ మీద పెట్టి చూస్తున్నా సరే, కళ్లకు మాస్కు ఉండాలి, బ్యారెల్‌కి కవర్ ఉండాలి, హాపర్ (పైనుండే బాల్స్ డబ్బా) తీసేసి ఉండాలి. గదిలో చిన్నపిల్లలుంటే బయటికి పంపండి. దీని మీద బేరాల్లేవు.

ప్రశ్న: అన్నా, మేం ఆఫీసు ఫ్రెండ్సంతా శనివారాలు ఆడతాం. ఈమధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఎలక్ట్రానిక్ మార్కర్ కొన్నాను, 68/4500 కార్బన్ ట్యాంకుతో (68 క్యూబిక్ అంగుళాల సైజు, 4,500 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్ల ప్రెషర్). మా టీమ్‌లో ఒకడికి అదే సైజు ట్యాంకుతో ఎనిమిది పాడ్‌లు (బాల్స్ నింపుకెళ్లే గొట్టాలు) కొట్టినా ఇంకా గాలి మిగులుతోంది. నాకేమో హాపరూ, మూడు పాడ్‌లూ అయ్యేసరికి గేజ్ వెయ్యికి పడిపోతోంది. ఒకడు బోల్ట్ (బాల్‌ని ముందుకి నెట్టే భాగం) కిట్ మార్చమంటాడు, ఇంకొకడు రెగ్యులేటర్ (ప్రెషర్‌ని అదుపు చేసే భాగం) అంటాడు, మరొకడు అమ్మిపారేయమంటాడు. ఏం చెయ్యమంటావ్? (ఫ్రిస్కో, టెక్సస్)

జవాబు: ముందు ఆ ముగ్గురి మాటా పక్కన పెట్టు తమ్ముడూ. పర్సు తీసే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. గన్ ఊరికే పడున్నప్పుడు కూడా గాలి పోతోందా, లేక కాల్చినప్పుడు మాత్రమే ఎక్కువ ఖర్చవుతోందా? మొదటిది లీకు. రెండోది లీకు కాదు, ఆ గన్ తిండిపోతు, అంతే. లీకైతే ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే గుండ్రటి సీళ్లు) చూడాలి, తిండిపోతైతే సెట్టింగులూ బ్యారెలూ చూడాలి. ఇది తేలకుండా ఏ పార్ట్ కొన్నా చీకట్లో బాణం వేసినట్టే.

పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. నింపిన ట్యాంకుని గంటో గంటన్నరో పక్కన పెట్టి, బాగా చల్లబడ్డాక గన్‌కి బిగించి, గాలి ఆన్ చేసి, గేజ్‌ని ఫోన్‌తో ఫోటో తియ్యి. వెళ్లి ఒక తెలుగు సినిమా చూసిరా, ఇంటర్వెల్‌తో సహా. మళ్లీ అదే కోణంలో ఇంకో ఫోటో. కంటి జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు, ఆ గేజ్ మొత్తం రూపాయి బిళ్లంత ఉంటుంది, ముల్లు మందంలోనే వందో రెండొందలో పీఎస్ఐ దాక్కుంటుంది. రెండు ఫోటోల్లో ముల్లు ఒకేచోట ఉంటే లీకు లేదు, ఆ దిగులు వదిలెయ్. కిందకి జారిందంటే ఎక్కడో కారుతోంది. చెవికి అందని సన్నటి శబ్దాన్ని పట్టుకోవాలంటే చేపల తొట్టెకి వాడే సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తీసుకుని, ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివరని జాయింట్ల చుట్టూ మెల్లగా తిప్పు. లీకున్న చోటికి రాగానే ఇట్టే తెలిసిపోతుంది. సబ్బు నీళ్లు ట్యాంకు మెడ దగ్గరా, ట్యాంకు బిగించే అడాప్టర్ దగ్గరా, హోస్ కనెక్షన్ల దగ్గరా మాత్రమే రాయి. ఎలక్ట్రానిక్ గ్రిప్ వైపు చుక్క కూడా వద్దు, లోపల సర్క్యూట్ బోర్డు ఉంటుంది.

లీకు లేదని తేలిందనుకో, అప్పుడు లెక్కకి రా. ఆడేవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది. ట్యాంకు సైజు ఎన్ని క్యూబిక్ అంగుళాలో దాన్ని, వాడిన పీఎస్ఐతో గుణించి, 300తో భాగిస్తే సుమారుగా ఎన్ని షాట్లు రావాలో వస్తుంది. 48/3000 ట్యాంకుకి 480, 68/4500కి 1,020. అయితే వాడిన పీఎస్ఐ అన్నాను చూడు, చాలామంది అక్కడే జారిపోతారు. నువ్వు వెయ్యి దగ్గర ఆపేస్తున్నావు, అంటే వాడింది 3,500 మాత్రమే, దాని ప్రకారం నీకు రావాల్సింది సుమారు 790. హాపర్‌లో 200 అనుకుందాం, పాడ్‌కి 140 చొప్పున మూడింటికి 420, మొత్తం 620 కాల్చావు. తేడా 170.

ఆ 170లో కూడా సగం పాపం గన్‌ది కాదు. ట్యాంకుని గబగబా నింపితే లోపలి గాలి వేడెక్కుతుంది, వేడి గాలి గేజ్ మీద ఎక్కువ చూపిస్తుంది. 60 డిగ్రీల దగ్గర 4,500 చూపించిన ట్యాంకు 30 డిగ్రీలకి చల్లారితే, ఇసుమంత గాలి బయటికి పోకుండానే, దాదాపు 4,100కి దిగిపోతుంది. నువ్వేమో 4,500 చూసి మురిసిపోయి మైదానంలోకి వెళ్తావు, మొదటి ఆట అయ్యేసరికి నాలుగొందలు మాయం, లీకే అనుకుంటావు. 4,100 నుంచి లెక్కేస్తే రావాల్సింది 700 చిల్లర, నీకు వచ్చింది 620. అంటే అసలు లోటు ఎనభై షాట్లు. దీనికి గన్ అమ్మేస్తారా ఎవరైనా? ఫిల్ స్టేషన్ దగ్గర లైనుంటే అక్కడి కుర్రాడు వాల్వ్ ఒక్కసారిగా తిప్పేస్తాడు, నెమ్మదిగా నింపమని అడగడానికి మొహమాటపడొద్దు, కాసేపు ఆగి చల్లబడ్డాక పైన ఇంకాస్త పోయించుకో.

ఇక మీవాడి ఎనిమిది పాడ్‌ల సంగతి. ఆ మోటు లెక్క పాతకాలం గన్‌లని బట్టి పుట్టింది, ఇప్పటి మంచి మార్కర్లు దాన్ని తేలిగ్గా దాటేస్తాయి. కాబట్టి వాడితో పోల్చుకుని బాధపడటంలో అర్థం లేదు. కానీ ఆ ఎనభై షాట్ల లోటుని మాత్రం పైసా ఖర్చు లేకుండా పూడ్చుకోవచ్చు.

మొదట డ్వెల్ చూడు. సాలినాయిడ్ (కరెంటుతో తెరుచుకునే చిన్న వాల్వ్) ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకుని ఉండాలో చెప్పే సెట్టింగ్ అది. సెకండ్‌హ్యాండ్ గన్‌లలో తొంభై శాతం అనుమానం నాకు దీనిమీదే, ఎందుకంటే పాత ఓనర్ ఏ చలికాలంలోనో స్పీడు పడిపోతోందని డ్వెల్ పెంచి, దాన్ని అలాగే వదిలేసి నీకు అమ్మేసి ఉంటాడు. క్రోనో (బాల్ వేగం కొలిచే యంత్రం) ముందు నిలబడి అర మిల్లీసెకను చొప్పున తగ్గించుకుంటూ రా, కొంత దూరం వరకు స్పీడు మారదు, అంటే అంతసేపూ గాలి దండగ అవుతోందన్నమాట. ఒకచోట స్పీడు పడటం మొదలవుతుంది, అక్కడ ఆగి అర మిల్లీసెకను వెనక్కి పెంచి వదిలెయ్. స్పీడు ఇంకా సరిపోకపోతే రెగ్యులేటర్‌తో సర్దుకో, డ్వెల్‌తో కాదు. మైదానం లిమిట్ సెకనుకి 300 అడుగులో 280 అడుగులో ఉంటుంది, దాని కిందే ఉండు.

రెండోది బ్యారెల్. బ్యారెల్ విప్పి నిటారుగా పట్టుకుని పైనుంచి ఒక బాల్ వెయ్యి. దానంతట అదే జారి కింద పడిపోయిందంటే బ్యారెల్ లావు, బాల్ సన్నం. ఆ సందులోంచి గాలి బాల్‌ని దాటేసుకుని ముందుకి పోతుంది, ఆ లోటు పూడ్చడానికి నువ్వు ప్రెషర్ పెంచుతావు. బాల్ లోపల నిలబడి, నోటితో ఊదితే బయటికి రావాలి, అదీ సరైన జోడీ. పేరుకి అన్నీ 0.68 అంగుళాల బాల్సే అయినా పెట్టె పెట్టెకీ తేడా ఉంటుంది, అందుకే రకరకాల లోపలి వ్యాసాలతో బ్యారెల్ కిట్లు అమ్ముతారు. అలాగే బ్యారెల్ చివర చిల్లులు ఎక్కువున్నకొద్దీ చప్పుడు తగ్గుతుంది, గాలి ఖర్చు పెరుగుతుంది. స్టైల్ కోసం ఒళ్లంతా చిల్లులున్న బ్యారెల్ కొనేవాళ్లు ఈ సంగతి అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

ప్రశ్న: నమస్తే అండి. మా అబ్బాయికి పదిహేనేళ్లు. వాళ్ల బాబాయి తను వాడిన టిప్‌మన్ 98 గన్ ఇచ్చాడు. ట్యాంకు బిగించగానే బ్యారెల్‌లోంచి బుస్సుమని గాలి వచ్చేస్తుంది, వీడు కంగారుపడి విప్పేస్తాడు. పేలిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. పారేయమంటే వినడు. (కేరీ, నార్త్ కరోలినా)

జవాబు: పారేయక్కర్లేదమ్మా, చాలామటుకు అది పాడైన గన్ కూడా కాదు. ఈ రకం మార్కర్లలో లోపల ఒక సుత్తి లాంటి భాగం, దాని వెనక స్ప్రింగు ఉంటాయి. కాక్ చేయకుండా, అంటే పక్కనున్న హ్యాండిల్‌ని వెనక్కి లాగి లాక్ చేయకుండా ట్యాంకు బిగిస్తే, ఆ స్ప్రింగు సుత్తిని ముందుకి నెట్టి వాల్వ్‌ని తెరిచే పెడుతుంది. గాలి వచ్చింది వచ్చినట్టే బ్యారెల్‌లోంచి పోతుంది. ముందు హ్యాండిల్ వెనక్కి లాగి, టక్ మని ఆగాక, సేఫ్టీ వేసి, అప్పుడు ట్యాంకు బిగించమనండి. పదింట్లో చాలా ఇళ్లలో ఈ బుస్సు ఇక్కడితో ఆగిపోతుంది.

కాక్ చేశాక కూడా బ్యారెల్‌లోంచి వస్తుంటే, వాల్వ్ లోపల కప్ సీల్ అని చిన్న సీలు ఉంటుంది, దానిమీద గీత పడిందో, ఏ పెయింట్ పెంకు ముక్కో ఇరుక్కుందో అని అర్థం. ఖరీదైన పార్టేమీ కాదు, బాబాయిని ఒకసారి పిలిపించి మార్పించండి. ట్యాంకు గన్‌లోకి బిగుసుకునే చోట గాలి వస్తుంటే అది ట్యాంకు ఓ-రింగు, మీ అబ్బాయే మార్చుకోగలడు. ఇంకో మాట, ఒక్కసారి ట్రిగ్గర్ నొక్కితే మూడు నాలుగు షాట్లు వరసగా పడుతున్నాయని వాడు సంబరపడితే నమ్మకండి. ట్యాంకులో గాలి అడుగంటినప్పుడు, బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి నెట్టే శక్తి లేక, అది లాక్ కాకుండా మళ్లీ మళ్లీ ముందుకి పడుతుంటుంది. అప్పుడు ఆట ఆపి ట్యాంకు నింపించుకోవాలి. నిండు ట్యాంకుతో కూడా అలాగే చేస్తుంటే లాక్ చేసే సియర్ అరిగిపోయి ఉంటుంది, అది మార్చేదాకా మైదానంలోకి తీసుకెళ్లకూడదు.

మీరు భయపడాల్సింది ఆ బుస్సుకి కాదు, దీనికి: ట్యాంకు విప్పుతున్నప్పుడు సీసా ఒక్కటే తిరిగి, దాని మీదున్న వాల్వ్ గన్‌లోనే ఉండిపోయి, రెండూ ఊడి విడిపోవడం. అమెరికాలో ఇలా ట్యాంకు రాకెట్‌లా ఎగిరి ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. దీనికి ఉపాయం మీ డ్రెస్సింగ్ టేబుల్ మీదే ఉంది. ఎర్ర నెయిల్ పాలిష్ తీసుకుని వాల్వ్ మీద నుంచి సీసా మెడ మీదకి, రెండింటినీ కలుపుతూ నిలువుగా ఒక గీత గియ్యండి. ఎప్పుడు విప్పినా ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగిందంటే వాల్వ్ సీసాలోంచి ఊడొస్తోందన్నమాట, అక్కడికక్కడ ఆపేసి, ఇంకెవరూ ముట్టుకోకుండా షాపువాళ్లకి చెప్పాలి. ఇది మీ అబ్బాయికి ఒకసారి చూపించి చెప్పండి, పదిసార్లు తిట్టడం కన్నా పనిచేస్తుంది.

ప్రశ్న: సర్, సిటీ శివార్లలో మాకు చిన్న పెయింట్‌బాల్ గ్రౌండ్ ఉంది, ఐటీ కంపెనీల టీమ్‌లు వస్తుంటాయి. అద్దెకిచ్చే గన్‌లకి ట్యాంకు ఓ-రింగులు వారం తిరక్కుండానే తెగిపోతున్నాయి. బయటి నుంచి తెప్పించేవి అయిపోయాయి, లోకల్‌గా కొన్నవి రెండో రోజుకే పోతున్నాయి. కొన్ని గన్‌లు ఇంకా కార్బన్ డయాక్సైడ్ మీదే నడుపుతున్నాం, ఎండాకాలం వాటితో మరీ ఇబ్బంది. (హైదరాబాద్)

జవాబు: ఓ-రింగు తప్పు కొంత, ట్యాంకు విప్పే చేతుల తప్పు ఎక్కువ. మీ కుర్రాళ్లు లైన్‌లో ప్రెషర్ ఉండగానే ట్యాంకుని గిర్రున తిప్పి విప్పేస్తున్నారని పందెం కాస్తాను. 800 పీఎస్ఐ గాలి వెనక నుంచి నెడుతుంటే ఓ-రింగు గాడిలోంచి బయటికి ఉబుకుతుంది, మర అంచు దాన్ని కోసేస్తుంది. తెగిన రింగు చేతిలోకి తీసుకుని చూడండి, అరిగినట్టు కాకుండా ఒక పక్కన చిన్న నోరు తెరుచుకున్నట్టు కోత ఉంటే ఇదే కారణం. పద్ధతి ఇది: ట్యాంకుని మెల్లగా కొంచెం కొంచెం తిప్పాలి, లోపలి పిన్ను మూసుకునే దాకా. అక్కడ ఆపి, బాల్స్ లేకుండా, బ్యారెల్ సురక్షితమైన వైపుకి పెట్టి, లైన్‌లో మిగిలిన గాలిని కాల్చి ఖాళీ చేయాలి. చప్పుడు ఆగాక పూర్తిగా విప్పాలి. ఈ ఒక్క పని నేర్పిస్తే ఓ-రింగుల ఖర్చు బాగా దిగుతుంది. ఆన్, ఆఫ్ మీట ఉన్న అడాప్టర్లు వేయిస్తే ఇంకా తేలిక, కానీ అద్దె గన్‌లకి అంత పెట్టుబడి అక్కర్లేదని నా అభిప్రాయం.

లోకల్‌గా కొనేటప్పుడు షాపులో పాత రింగు చూపించి ఇలాంటిది ఇవ్వమంటే వాళ్లు నల్లటి నైట్రైల్ రబ్బరు రింగు చేతిలో పెడతారు. సైజు సరిపోతుంది, కానీ మెత్తగా ఉండి ఈ వాడకానికి ఆగదు. రాణిగంజ్‌లో హైడ్రాలిక్ సీల్స్ అమ్మే షాపుల్లో అడగండి: పాలీయురేథేన్ ఓ-రింగు, 015 సైజు, గట్టిదనం 90. నంబరు చెబితే అర్థం కాకపోతే లోపలి వ్యాసం 14 మిల్లీమీటర్లు, తాడు మందం 1.78 అని చెప్పండి. మందం దగ్గర సర్దుకుపోకండి, రెండు మిల్లీమీటర్లది ఇస్తానంటే వద్దనండి, అది గాడిలో కూర్చోదు. రంగు ఏదైనా పర్వాలేదు.

ఇక కార్బన్ డయాక్సైడ్ గురించి సూటిగా చెప్తాను, మన ఎండలకి అది పనికిరాదు. 21 డిగ్రీల దగ్గర ఆ సీసాలో సుమారు 850 పీఎస్ఐ ఉంటుంది, సున్నా డిగ్రీలకి 500 దాకా పడిపోతుంది. 31 డిగ్రీలు దాటితే అసలు ద్రవంగానే ఉండదు, ప్రెషర్ వెయ్యి దాటి పైకి పోతూనే ఉంటుంది. మన దగ్గర మార్చి నుంచే మధ్యాహ్నాలు ముప్పయ్యయిదు మీద ఉంటాయి. పొద్దున క్రోనోలో 270 చూపించిన గన్ మధ్యాహ్నం 300 దాటేయొచ్చు, అది కస్టమర్ ఒంటి మీద తగిలే దెబ్బ. పైగా గబగబా కాలిస్తే చల్లబడిపోయిన ద్రవం గన్ లోపలికి వచ్చి సీళ్లని గడ్డకట్టిస్తుంది. హై ప్రెషర్ గాలికి మారిపోండి. మారేదాకా సీసాలని నీడలో పెట్టండి, ఎండలో ఆపిన కారు డిక్కీలో వదిలేస్తే సేఫ్టీ డిస్క్ పగిలి మొత్తం ఖాళీ అయిపోతుంది.

కంప్రెసర్ పెట్టుకుంటే దాని ఫిల్టర్లు టైముకి మార్చండి, నూనె ఆవిరి ట్యాంకుల్లోకి పోకూడదు. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది. వానాకాలంలో బాల్స్ పెట్టెలు మూత పెట్టి పొడిగా ఉన్నచోట ఉంచండి. వాటి పెంకు జెలటిన్, తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఉబ్బిన బాల్ బ్యారెల్‌లో పగిలితే ఆ జిగురు, ఆ పెంకు ముక్కలు మళ్లీ సీళ్ల దగ్గరికే చేరతాయి.

ప్రశ్న: ఓ-రింగులకి కొబ్బరి నూనె రాయొచ్చా? వ్యాజ్‌లీన్? డబ్ల్యూడీ-40? ఇంట్లో ఇవే ఉన్నాయి. (ప్లేనో, టెక్సస్)

జవాబు: మూడూ వద్దు. కొబ్బరి నూనె మీ ఊళ్లో నవంబరు వచ్చేసరికి సీసాలోనే గడ్డకడుతుంది, గన్‌లో గడ్డకట్టదా? మిగతా రెండూ పెట్రోలియం సరుకు, ఏ రింగు ఏ రబ్బరుతో చేశారో తెలియనప్పుడు వాటి జోలికి పోకూడదు, కొన్ని రకాల సీళ్లు వాటికి ఉబ్బి వదులైపోతాయి. మార్కర్‌తో వచ్చిన మాన్యువల్‌లో ఏ గ్రీజు చెబితే అది వాడండి. స్పూల్ వాల్వ్ గన్‌లకి (బోల్టే కదులుతూ గాలిని వదిలే రకం) చాలామంది మోలికోట్ 33 లేదా 55 గ్రీజు వాడతారు, టిప్‌మన్ లాంటివాటికి పెయింట్‌బాల్ గన్ ఆయిల్ చాలు. ఎంత రాయాలంటే రింగు తడిగా మెరవాలి, గ్రీజు ముద్ద కనపడకూడదు.

అన్నింటికన్నా ముఖ్యం, ట్యాంకు నింపే నిపుల్‌లో నూనెగానీ గ్రీజుగానీ ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. 3,000 పీఎస్ఐ గాలి ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు నొక్కుకుపోయి విపరీతంగా వేడెక్కుతుంది, అక్కడ నూనె ఉంటే డీజిల్ ఇంజిన్‌లో మండినట్టే మండుతుంది. నిపుల్‌కి మూత ఉండేది అందుకే, దుమ్ము కోసం మాత్రమే కాదు.

ప్రశ్న: బ్రో, నా గన్ స్పూల్ వాల్వ్. హ్యాండ్ గ్రిప్ లోపలి నుంచి సన్నగా సుయ్ మంటోంది. సాలినాయిడ్ పోయిందని షాపులో చెప్పి పెద్ద బిల్లు చెప్పారు. లో ప్రెషర్ గన్ కాబట్టి గాలి ఆదా అవుతుందని కొన్నాను, అదీ అవ్వట్లేదు. (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

జవాబు: సాలినాయిడ్ మీదకి నేరం నెట్టడం తేలిక, అందుకే అందరూ అక్కడే మొదలుపెడతారు. దాన్ని చివరికి పెట్టుకో. ముందు, ఆపరేటింగ్ ప్రెషర్ ఎక్కువ పెట్టావేమో చూడు. పరిమితి దాటిన ప్రెషర్‌కి మంచి సాలినాయిడ్ కూడా గాలి వదిలేస్తుంది. గన్‌కి గేజ్ ఉంటే నాలుగు షాట్లు కాల్చి ముల్లుని గమనించు. టక్కున వచ్చి ఒకచోట ఆగిపోతే మంచిది. ఆగినట్టే ఆగి మెల్లమెల్లగా పైకి పాకుతుంటే రెగ్యులేటర్ లోపలి సీటు అరిగిపోయింది, దీన్ని క్రీప్ అంటారు. గేజ్ లేకపోతే క్రోనో చెబుతుంది, కాసేపు ఆగి కాల్చిన మొదటి షాట్ మిగతావాటికన్నా ఎప్పుడూ వేగంగా పోతుంటే అదే జబ్బు. రెగ్యులేటర్ సీటు మారిస్తే గ్రిప్‌లో సుయ్ మనడం కూడా ఆగిపోవచ్చు, సాలినాయిడ్ డబ్బులు మిగులుతాయి.

అది కాకపోతే గ్రిప్ విప్పి, సాలినాయిడ్ కింద ఉండే సన్నటి గ్యాస్కెట్ చూడు. పక్కకి జరిగిందా, దుమ్ము చేరిందా అని. దాని స్క్రూలు పిల్ల స్క్రూలు, పంతానికి పోయి బిగిస్తే మర తెగుతుంది. బోల్ట్ బయటికి తీసి ఓ-రింగులని ఒక్కొక్కటే వేలితో తడిమి చూడు, బోల్ట్ దగ్గర కారిన గాలి గ్రిప్‌లోంచి బయటపడటం మామూలే. రింగులు తీయడానికి సూది, పిన్నీసు వాడొద్దు, గాడిలో వెంట్రుక మందం గీత పడినా అది జన్మలో ఆగని లీకు. పళ్లపుల్ల చాలు.

స్పూల్ గన్‌లలో ఒక చిక్కుంది. కొన్ని రింగులు బోల్ట్ ఆగి ఉన్నప్పుడు పనిచేస్తాయి, కొన్ని బోల్ట్ కదిలే ఆ క్షణంలో మాత్రమే. రెండో రకం అరిగితే గన్ పక్కన పెట్టినప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది, ఏ సబ్బు నీళ్లకీ దొరకదు, కాల్చిన ప్రతిసారీ మాత్రం ఇంత గాలి అదనంగా మింగుతుంది. లీకు లేదని తేలాక కూడా లెక్క తేడా వస్తుంటే ఆ రింగులని అనుమానించు. అసలు సెకండ్‌హ్యాండ్ గన్ ఎవరు కొన్నా మొదటి రోజే ఆ మోడల్ ఓ-రింగ్ కిట్ కొని అన్నీ మార్చేయడం మేలని నేనంటాను, ఆ తర్వాత ఏ సమస్య వచ్చినా వెతకాల్సిన చోట్లు సగానికి సగం తగ్గుతాయి.

లో ప్రెషర్ అంటే గాలి ఆదా అన్నది షాపులవాళ్ల ప్రచారం. ఎంత ప్రెషర్‌తో నడుస్తోందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఒక్కో షాట్‌కి ఎంత గాలి లోపల నిండుతోందన్నదీ చూడాలి. ప్రెషర్ తగ్గితే అదే బాల్‌ని అదే వేగంతో పంపడానికి ఎక్కువ గాలి నింపుకోవాలి. ప్లానెట్ ఎక్లిప్స్ కంపెనీవాళ్ల ఎమెక్ మార్కర్ 135 పీఎస్ఐ మీద నడుస్తుంది, గాలి కూడా పొదుపే, కానీ ఆ పొదుపు డిజైన్‌ది, 135 అనే అంకెది కాదు. తక్కువ ప్రెషర్ వల్ల నిజంగా వచ్చేది వేరే, బాల్ మీద మెత్తగా తగులుతుంది, సన్న పెంకు బాల్స్ లోపల పగలవు.

ప్రశ్న: పంప్ గన్ కొంటే గాలి కలిసొస్తుందా? (ఆస్టిన్, టెక్సస్)

జవాబు: వస్తుంది. ఆటోమేటిక్‌గా కాక్ అయ్యే బ్లోబ్యాక్ గన్ ప్రతి షాట్‌లో కొంత గాలిని బోల్ట్ వెనక్కి నెట్టుకోవడానికే ఖర్చు పెడుతుంది. పంప్‌లో ఆ పని నీ చెయ్యి చేస్తుంది. 1981లో న్యూ హాంప్‌షైర్‌లోని హెనికర్‌లో పన్నెండు మంది కలిసి మొట్టమొదటి ఆట ఆడినప్పుడు వాళ్ల చేతుల్లో ఉన్నవీ ఇలా చేత్తో కాక్ చేసేవే, చెట్లకీ పశువులకీ రంగు గుర్తులు వేయడానికి చేసిన నెల్‌స్పాట్ పిస్టళ్లు, పన్నెండు గ్రాముల గ్యాస్ గొట్టంతో నడిచేవి. అయితే గాలి ఆదా కోసమే పంప్ కొనకు. ఒక్కో బాల్ చూసుకుని కొట్టే ఓపిక ఉంటే కొను.

ప్రశ్న: నా ట్యాంకు గన్‌కి తగిలించకుండా అల్మారాలో పెట్టినా వారంలో ఖాళీ అయిపోతోంది. సంక్రాంతికి ఇండియా వెళ్తున్నాను, ట్యాంకు తీసుకెళ్లి అక్కడ రిపేర్ చేయించుకోవచ్చా? (జెర్సీ సిటీ, న్యూజెర్సీ)

జవాబు: గన్ లేకుండానే పోతోందంటే గన్ నిర్దోషి. సబ్బు నీళ్ల బకెట్‌లో ముంచాల్సిన పనిలేదు, బ్రష్‌తో నాలుగు చోట్ల రాయండి: నింపే నిపుల్ నోట్లో, గేజ్ చుట్టూ, సేఫ్టీ డిస్కుల దగ్గర, రెగ్యులేటర్ సీసాలోకి దిగే మెడ దగ్గర. నిపుల్‌లో బుడగలొస్తే అది చవక రిపేర్. రెగ్యులేటర్ ఒంటికున్న సన్నటి రంధ్రంలోంచి వస్తుంటే లోపలి సీళ్లు మార్చాలి. మెడ దగ్గర బుడగలొస్తే చెయ్యి పెట్టకుండా షాపుకి పట్టుకెళ్లండి, గాలి ఉన్న ట్యాంకు నుంచి రెగ్యులేటర్ విప్పే ప్రయత్నం ఎవరూ చేయకూడదు. డిస్క్ పగిలి ఉంటే అదే రేటింగ్‌ది వేయించాలి, దాని బదులు బోల్టు బిగించి మూసేస్తానన్న మెకానిక్‌కి నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

పనిలో పనిగా సీసా మీద అచ్చేసిన తేదీ చదవండి. అమెరికాలో కార్బన్ ట్యాంకులకి అయిదేళ్లకోసారి హైడ్రో టెస్ట్ (నీటి ప్రెషర్‌తో చేసే బలం పరీక్ష) చేయించాలి, మొత్తం ఆయుష్షు మామూలుగా పదిహేనేళ్లు. ఆ పదిహేను దగ్గర పడుతుంటే రిపేర్ డబ్బులు కొత్తదానికే పెట్టండి.

ఇండియా తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. అమెరికా ఎయిర్‌పోర్ట్ సెక్యూరిటీ సీసాలోంచి రెగ్యులేటర్ పూర్తిగా విప్పేసి, లోపల ఖాళీ అని కంటికి కనపడితేనే ఒప్పుకుంటుంది, పైగా ఎయిర్‌లైన్ రూల్స్ వేరు, ఇండియా కస్టమ్స్ వేరు. ఇంత తతంగం చేసి తెచ్చాక కూడా దాన్ని మళ్లీ బిగించడం షాపు పనే. బయల్దేరే ముందే మీ ఊరి షాపులో ఇచ్చేసి రండి, పండగ నుంచి తిరిగి వెళ్లేసరికి రెడీగా ఉంటుంది.